జీపు తాగిన పానకం

నార్కట్‌పల్లి అడ్డరోడ్డు మీద లియాఖత్ అలీని ఎరగనివాళ్లు లేరు. మనిషి కనబడకముందే మాట వినబడేది. చూడబోతే పొట్టివాడు, బక్కపలచటివాడు, నోరు మాత్రం మనిషికి పదింతలు. తన జీపు గురించి అతను చెప్పినన్ని గొప్పలు పెళ్లిళ్ల పేరయ్య పిల్ల గురించి కూడా చెప్పడు. అది మిలిటరీవాళ్లు వాడి వాడి వేలంలో వదిలించుకున్న బండి. సెల్ఫ్ ఎప్పుడో చచ్చింది. ఒకసారి ఆగిందంటే నలుగురు తోస్తే తప్ప కదలదు. అయినా లియాఖత్ దృష్టిలో అది పట్టపుటేనుగు.

మామూలు రోజుల్లో నల్లగొండకూ, చెరువుగట్టుకూ జనాన్ని కుక్కుకుని తిప్పేవాడు. పెళ్లిళ్ల రోజులొస్తే మాత్రం ఆ బేరాలు బందు. పెళ్లికొడుకును ఎక్కించుకుని, ముందు డప్పులు మోగుతుంటే, ఊరి నడుమ నుంచి బండి నడపడమంటే అతనికి ప్రాణం. పెళ్లికొడుకు తర్వాత జనం చూసేది డ్రైవర్నేనని అతని నమ్మకం. జనం నిజంగా చూసేవాళ్లో లేదో ఎవరూ అడగలేదు. అడిగితే మాత్రం అతను ఒప్పుకుంటాడా!

చిక్కేమిటంటే, ఆ జీపుకు ఊరేగింపు పడదు. సడక్ మీద పరుగు తీసేటప్పుడు ఎదురుగాలి వచ్చి రేడియేటర్‌కు తగులుతుంది, ఇంజను చల్లగా ఉంటుంది. ఊరేగింపులో పరుగెక్కడిది? డప్పుల వెనక చీమ నడక. పిల్లలు ఆడితే ఆగాలి, పెద్దలు ఆడితే ఇంకా ఎక్కువసేపు ఆగాలి. బండి కదలనప్పుడు గాలి రాదు, ఇంజను మాత్రం తిరుగుతూనే ఉంటుంది. సగం దారిలో ఇంజను వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటేది, బానెట్ కింద నుంచి బుస్సుమని ఆవిరి లేచేది. పెళ్లికొడుకు ఎక్కిన బండి నడిదారిలో ఆగితే అపశకునమని ఆ పక్క ఊళ్లలో గట్టి పట్టింపు. అంతకు ముందటేడాది చిట్యాల దగ్గర ఒక పెళ్లిలో బండి ఆగిపోతే, పెళ్లికొడుకు మేనత్త లియాఖత్‌ను తిట్టిన తిట్లు విని డప్పులవాళ్లు కూడా వాయించడం మానేశారు.

దాంతో ఎనభై ఎనిమిది చలికాలంలో లియాఖత్ మైసయ్య షెడ్డుకు వెళ్లాడు. ఆ సడక్ మీద లారీలన్నిటికీ మైసయ్యే మెకానిక్కు.

"ఆరు రెక్కల ఫ్యాను ఒకటున్నది, పాత లారీది. దాని చుట్టు రేకు గూడు కట్టిస్త. గాలి పక్కకు పోకుంట మొత్తం రేడియేటర్ల నుంచే గుంజుకొస్తది. బండి నిలవడ్డా ఫికర్ లేదు" అన్నాడు మైసయ్య.

"మోత జేస్తదా?"

"చెయ్యదా మరి? పిండిగిర్ని లెక్క మోగుతది."

లియాఖత్ ముఖం మాడ్చుకున్నాడు. కార్లకు వచ్చే కరెంటు ఫ్యాను సంగతి అడిగాడు. నీ బ్యాటరీకి హారన్ కొట్టే దమ్మే లేదు, ఇంక ఫ్యాన్ ఏం తిప్పుతదని మైసయ్య నవ్వాడు. అప్పుడు లియాఖత్ అసలు తన మనసులో ఉన్నది బయటపెట్టాడు. విజయవాడ నుంచి వచ్చిన ఒక లారీకి చూశాడట. ముందర ఒక రేకు ట్యాంకు, దానికి నల్లా, నల్లా నుంచి రేడియేటర్ మీదుగా బొక్కల రాగి గొట్టం. నల్లా తిప్పితే నీళ్లు సన్నగా కారుతూ రేడియేటర్‌ను తడుపుతాయి. మోత లేదు, కరెంటు లేదు.

"సల్లగైతే అయితది" అన్నాడు మైసయ్య. "కని అది నీళ్లు తాగుతది లియాఖత్. తాపినన్ని దినాలు మంచిగుంటది. మన దిక్కు ఎండకాలం మనుషులకే నీళ్లు లెవ్వు. ఫ్యానుకు గాలి సాలు, గాలి యాడనైన దొరుకుతది."

లియాఖత్ అక్కడ తలూపి, రోడ్డు మీదికి వచ్చి, కనబడ్డవాడినల్లా సలహా అడిగాడు. కొడుకుకు పిల్లను చూస్తున్న తండ్రి కూడా అంత తిరగడు. చివరికి ఇంటికెళ్లి భార్య షరీఫాను అడిగాడు. అడిగాడంటే అడిగాడంతే, వినడానికి కాదు.

"పొద్దుగాల లేశి బోరింగు కాడ నిలవడితె నాకు రెండు బిందెలు దొరుకుతున్నయి. నీ జీపు దిక్కెళ్లి ఎవలు నిలవడాలె?" అంది షరీఫా.

"పిచ్చిదానా, నేను పోయేది పెండ్లిండ్లకు. పెండ్లింట్ల నీళ్లకు కరువా? గోలేలకు గోలేలు నింపి పెడ్తరు."

ఆ మాట అనగానే అతనికే నచ్చింది. ఇక అదే పట్టుకున్నాడు. నిజానికి లోపలి సంగతి వేరు. ఫ్యాను బానెట్ కింద దాక్కుంటుంది, ఎవడు చూస్తాడు? ట్యాంకైతే బంపర్ మీద నలుగురికీ కనబడుతుంది. దానికి ఆకుపచ్చ రంగు వేయించాడు, రంగు మీద గులాబీ పువ్వు రాయించాడు, ఇత్తడి నల్లా పెట్టించి రోజూ చింతపండుతో తోమేవాడు. మాఘమాసం పెళ్లిళ్లలో, చలిగాలి వీస్తుండగా, జీపు ఎక్కడా ఉడకలేదు. ఆ చలికి ట్యాంకు లేకపోయినా ఉడికేది కాదేమో. లియాఖత్ మాత్రం అడ్డరోడ్డు మీద నిలబడి, "ఇగ నా జీపు ఉడికితే నా పేరు మార్చుకుంట" అని అందరి ముందూ అన్నాడు.

అలా అన్నప్పుడు వింటున్నవాళ్లలో జానయ్య ఒకడు. అదే అడ్డరోడ్డు మీద అతనిది చాయ్ హోటల్. జానపహాడ్ దర్గాకు మొక్కుకుంటే పుట్టాడని తల్లి నర్సింగమ్మ ఆ పేరు పెట్టింది. తర్వాత పుట్టిన ఆడపిల్లకు సైదమ్మ అని పెట్టుకుంది. తండ్రి చిన్నప్పుడే పోతే చెల్లెలిని జానయ్యే ఎత్తుకు పెంచాడు. లియాఖత్ పొద్దున మొదటి చాయ్ తాగేది అతని దగ్గరే, జీపు ట్యాంకు నింపుకునేదీ అక్కడే. పీర్ల పండుగ వస్తే నర్సింగమ్మ ఇత్తడి బిందెలో బెల్లం షర్బత్ కలిపి నెత్తిన పెట్టుకుని వచ్చి, పీర్ల ముందు అందరికీ గ్లాసులతో పోసేది. లియాఖత్ చిన్ననాటి నుంచీ ఆ షర్బత్ తాగినవాడే.

వైశాఖంలో సైదమ్మ పెళ్లి కుదిరింది. జానయ్య చాయ్ గ్లాసు చేతికిస్తూ చెప్పాడు.

"లియాఖత్ భాయ్, పిల్లగాన్ని నీ జీపులనే తేవాలె. పిల్లగాని మేనమామ గుర్వయ్యని ఉన్నడు. మనిషి మంచోడే, కని ముక్కు మీద కోపం. మర్యాద కాడ ఎంట్రుక మందం తేడా వస్తే ఊకోడు. జర నువ్వే సూసుకోవాలె."

"నేనుండంగ తేడా ఎందుకొస్తది జానయ్యా! నీ చెల్లె నా చెల్లె కాదా? బేఫికర్ ఉండు" అన్నాడు లియాఖత్. మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఆ పక్క ఊళ్లలో ఎదుర్కోళ్లంటే ఆషామాషీ తంతు కాదు. మగపెళ్లివారు వచ్చి ఊరి మొగదల హనుమాండ్ల గుడి దగ్గర ఆగుతారు. ఆడపెళ్లివారు డప్పులతో ఎదురెళ్లి, బొట్టు పెట్టి, పానకం ఇస్తారు. బెల్లం నీళ్లలో మిరియాలూ ఏలకులూ దంచి కలిపిన పానకం. అది తాగితేనే మగపెళ్లివారు ఊళ్లో అడుగుపెట్టేది. పెళ్లికొడుకు మొదలు చంటిపిల్ల దాకా అందరికీ గొంతు తడవాలి. అందలేదంటే అన్నం పెట్టనట్టే లెక్క. పందిట్లో పప్పు మాడితే మర్చిపోయిన కుటుంబాలున్నాయి గానీ, పానకం తక్కువైతే మర్చిపోయినవాళ్లు లేరు.

పెళ్లిరోజు పొద్దున మగపెళ్లివారు లారీలో వచ్చి సడక్ మీద దిగారు. అక్కడి నుంచి ఊరికి ఒక మైలు కంకర బాట. పెళ్లికొడుకు జీపెక్కాడు. పక్కన మేనమామ గుర్వయ్య కూర్చున్నాడు, తెల్లటి ధోవతి, తల మీద ఎర్ర రుమాలు. లియాఖత్ ట్యాంకు నిండా నీళ్లు పోసుకుని, ఒక డబ్బాలో ఇంకొన్ని నీళ్లు వెనక పెట్టుకుని బయల్దేరాడు. పొద్దున పదికే ఎండ నెత్తి మాడుస్తోంది. డప్పుల ముందు కుర్రకారు ఒకటే ఆట. ఆడి ఆడి వచ్చి, జీపు వెనక ఉన్న డబ్బా ఎత్తి నెత్తిన గుమ్మరించుకున్నారు. లియాఖత్ అద్దంలో చూశాడు, అరిచాడు, ఆ డప్పుల మోతలో అతని అరుపు ఎవరికి వినబడుతుంది!

గుడి చేరేసరికి ట్యాంకు ఒట్టిపోయింది. ముల్లు ఎర్రగీత మీదికి ఎక్కుతోంది. ఇంజను ఆపుదామంటే మళ్లీ తోయాలి. పెళ్లికొడుకు ఎక్కిన బండిని తోస్తే ఇంకేమన్నా ఉందా! గుర్వయ్య, పెళ్లికొడుకూ దిగి గుడి ముందుకు వెళ్లగానే లియాఖత్ ఇంజను అలాగే వదిలేసి, ఖాళీ డబ్బా పట్టుకుని పరుగెత్తాడు. గుడి పక్కన బోరింగు కొట్టి చూశాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. గుడి వెనక్కి వెళ్లాడు. గోడ నీడలో రెండు ఇత్తడి బిందెలున్నాయి, వాటి మీద తడిబట్టలు కప్పి ఉన్నాయి. ఆడవాళ్లంతా పెళ్లికొడుకును చూడటానికి ముందుకు పోయారు. ఆ పక్కన ఎవరూ లేరు.

పెండ్లివారి మంచినీళ్లనుకున్నాడు. బట్ట తీసి, ఒక బిందె వంచి డబ్బా నింపుకున్నాడు. మళ్లీ పరుగు. ట్యాంకులో పోసి నల్లా తిప్పాడు. చేతి మీద పడ్డ చుక్క అంటుకుంటోందే అని నోట్లో పెట్టుకున్నాడు. తియ్యగా ఉంది, వెనక మిరియం మంట.

అరే అల్లా అనుకున్నాడు. కళ్లు మాత్రం ముల్లు మీదికే పోయాయి. ముల్లు దిగుతోంది. కొంచెమే దిగింది, ఇంకా ఎర్రగీత దగ్గరే వణుకుతోంది. ఇంకొక డబ్బా పోస్తే పందిరి దాకా పోవచ్చు. పోయకపోతే నడిదారిలోనే ఆగుతుంది, నలుగురిలో నవ్వుల పాలు. జీపు ఉడికితే పేరు మార్చుకుంటానన్న మాట జానయ్యకూ తెలుసు, ఊరికీ తెలుసు.

వెళ్లి అదే బిందె నుంచి రెండో డబ్బా తెచ్చాడు.

మొదటి డబ్బా పొరపాటు, దాన్ని ఎవరైనా పొరపాటనే అంటారు. రెండోది కాదు. ఏం వంచుతున్నాడో తెలిసి వంచాడు. తెలిసి బట్ట కప్పాడు. తెలిసే వచ్చి స్టీరింగ్ ముందు ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు.

గుడి ముందర పానకం పోయడం మొదలైంది. నర్సింగమ్మ స్వయంగా గ్లాసులు నింపుతోంది. పెళ్లికొడుకు తాగాడు, తల్లిదండ్రులు తాగారు, ఆడినవాళ్లు రెండేసి గ్లాసులు లాగించారు. గుర్వయ్య పెద్దరికంగా అందరి తర్వాత నిలబడ్డాడు. మొదటి బిందె అయిపోయింది. రెండో బిందె ఎత్తితే తేలిగ్గా లేచింది. నర్సింగమ్మ లోపలికి చూసి అలాగే నిలబడిపోయింది. అడుగున బెల్లం మడ్డీ, ఒక గ్లాసుకు కూడా చాలని పానకం.

గుర్వయ్య చేతిలో ఖాళీ గ్లాసు. చుట్టూ అతని వెంట వచ్చిన పదిమంది చేతుల్లో కూడా ఖాళీ గ్లాసులే.

"ఏం జానయ్యా, మేనమామకు గొంతు తడపనీకె కూడ మీ ఇంట్ల బెల్లం లేదా?" అన్నాడు గుర్వయ్య. గట్టిగా అనలేదు. గట్టిగా అరిచినా అంత బాధ ఉండేది కాదు. గ్లాసు బోర్లించి గుడి అరుగు మీద పెట్టి, తనూ కూర్చున్నాడు. "మేము అంత అగ్గువైనమా మీకు? లారీ ఇంక పోలే. మర్లిపోతం."

డప్పులు ఆగిపోయాయి. "రెండు బిందెలు నిండ కలిపినం పెద్దమనిషీ, తల్లి మీద ఒట్టు" అన్నాడు జానయ్య.

"నిండ కలిపితె యాడికి పోయింది? బిందె తాగిందా? మీ ఆడోళ్లే తాగిర్రు గావొచ్చు" అన్నారెవరో వెనక నుంచి. నలుగురు నవ్వారు.

లియాఖత్ స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు. అంతా వింటున్నాడు. దిగి నాలుగడుగులు వేసి ఒక్క మాట చెబితే సరిపోయేది. దిగలేదు. ఒక తురకోడు ఎదుర్కోళ్ల పానకంలో చెయ్యి పెట్టాడంటే ఏమంటారోనని తనకు తను సర్దిచెప్పుకున్నాడు. పీర్ల దగ్గర నర్సింగమ్మ పోసిన షర్బత్ ఎవరి చేతిదో, ఎవరి గొంతు తడిపిందో ఆ నిమిషం గుర్తు చేసుకోలేదు. అసలు భయం అది కాదని అతనికి లోపల తెలుసు. జీపు ఉడికిందని ఒప్పుకోవాలి, అదీ సంగతి.

జానయ్య తల్లివైపు తిరిగాడు. ఎప్పుడూ ఆమె మీద గొంతెత్తనివాడు, అంతమంది ముందు అన్నాడు.

"అమ్మా, చెల్లె పెండ్లి కాడ కూడ పిసినారితనమేనా? బెల్లం మిగిలిపిచ్చుకోని ఏం కట్టుకపోతవే?"

రెండు బిందెలూ తెల్లారుజామున నర్సింగమ్మ తనే కలిపింది, తనే కప్పింది. కొడుకు ముఖం చూసింది, ఖాళీ బిందె చూసింది. ముసలిదాన్ని, మర్చిపోయానేమో అన్నట్టు తల దించుకుంది. జానయ్య భుజం మీది తువ్వాల తీసి చేతుల్లో పట్టుకుని, గుర్వయ్య కాళ్ల దగ్గరికి వంగాడు.

"తప్పు మాదే పెద్దమనిషీ. మా అమ్మది ముసలిపానం, లెక్క తప్పింది. జర పెద్దమనసు జేస్కోని లేవుర్రి."

గుర్వయ్య గొంతు తడవకుండానే లేచాడు. డప్పులు మళ్లీ మోగాయి. పెళ్లికొడుకు వచ్చి జీపెక్కాడు. లియాఖత్ గేరు వేశాడు.

పాపం దాచినా వాసన దాగదు. గుడి దాటి కొంతదూరం పోయారో లేదో, వేడి రేడియేటర్ మీద బెల్లం కాగడం మొదలుపెట్టింది. కమ్మని వాసన. "ఎవలింట్ల పాకం వడుతున్నరు, అరిసెలకు?" అన్నాడు డప్పు కొట్టేవాడు. అత్తగారింట్లో అప్పుడే అరిసెలు మొదలుపెట్టారని కుర్రకారు పెళ్లికొడుకును ఆటపట్టించారు. ఈగలు వచ్చాయి, వాటి వెనక కందిరీగలు వచ్చాయి. లియాఖత్ చెవులు మండిపోతున్నాయి. పాకం ముదిరింది, మాడు వాసన వేసింది, రాగి గొట్టం బొక్కలు మూసుకుపోయాయి. ముల్లు ఎర్రగీత దాటి చివరికి తగులుకుంది. పందిరి కనబడే మలుపులో బానెట్ కింద నుంచి తెల్లటి ఆవిరి లేచింది. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

పెళ్లికొడుకును స్నేహితులు భుజాల మీదికి ఎత్తుకుని ఈలలు వేస్తూ పందిట్లోకి తీసుకుపోయారు. అపశకునమని ఎవరికీ గుర్తు రాలేదు. ఉన్నవాళ్లంతా పానకం సంగతే గుసగుసలాడుకుంటున్నారు. జీపును ఎవరు పట్టించుకుంటారు?

పెళ్లయింది, భోజనాలయ్యాయి. లియాఖత్ పందిట్లోకి వెళ్లలేదు. బండి బాగు చేసుకోవాలని చెప్పి మలుపు దగ్గరే ఉండిపోయాడు. ఇనుప తీగతో రేడియేటర్ సందుల్లోంచి మాడిన బెల్లాన్ని గీకాడు. తడిగుడ్డతో తుడిచాడు, తుడిచినకొద్దీ నల్లగా వస్తూనే ఉంది. జానయ్య రెండుసార్లు మనిషిని పంపాడు, అన్నం తినమని. ఆకలి లేదన్నాడు. మూడోసారి జానయ్యే విస్తరి పట్టుకుని వచ్చాడు. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"తిను భాయ్. ఏం జెయ్యాలె, ఇజ్జత్ పోయింది గద. మా అమ్మ గిట్ల జేస్తదనుకోలే" అన్నాడు.

అప్పుడైనా చెప్పొచ్చు. అక్కడ ఇద్దరే ఉన్నారు. లియాఖత్ విస్తరి అందుకున్నాడు, తల వంచుకుని అన్నం కలిపాడు. ముద్ద మింగుడు పడలేదు. జానయ్య వెళ్లిపోయాక ఆ విస్తరి కుక్కకు వేశాడు. సిగ్గనేది కడుపులో ఉంటుందని అతనికి ఆరోజే తెలిసింది.

పొద్దు వాలుతుండగా అప్పగింతలు. సైదమ్మను జీపులోనే పంపాలి. బండిని పందిరి దగ్గరికి తోసుకొచ్చారు. పెళ్లికూతురు అన్నను పట్టుకుని ఏడుస్తోంది, తల్లిని పట్టుకుని ఏడుస్తోంది. గుర్వయ్య పొద్దుటి సంగతి మర్చిపోలేదు. తమాషాగా అన్నట్టే అన్నాడు.

"ఏడువకు బిడ్డా. ఇగ మా ఇంటికొస్తివి. మీ అమ్మ లెక్క కొలిసి పోసుడు మా ఇంట్ల లేదు. కడుపు నిండ పెడ్తం."

సైదమ్మ ఏడుపు ఆపి తల్లి ముఖంలోకి చూసింది. నర్సింగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ చూపు లియాఖత్ భరించలేకపోయాడు. జీపు దగ్గర నుంచి ముందుకొచ్చాడు. మాట కీచుగా వచ్చింది.

"పెద్దమ్మ తప్పేం లేదు. పానకం నేను తీసిన."

అందరూ తిరిగి చూశారు.

"బండి ఉడుకుతాంది. నీళ్లు లెవ్వు. గుడెనక బిందెలుంటె నీళ్లనుకోని ట్యాంకుల పోసిన. పానకమని ఎరుకైనంక కూడ ఇంకొక డబ్బా పోసిన. పెద్దమ్మ రెండు బిందెలు నిండనే తెచ్చింది."

తన్నులు పడతాయనుకున్నాడు లియాఖత్. పడితే బాగుండుననీ అనుకున్నాడు. గుర్వయ్య ముందు పకపకా నవ్వాడు. నవ్వి నవ్వి రుమాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

"ఓరి నీ పాడుగాను! నాకు రావలసిన పానకం జీపు తాగిందారా? అందుకేనా తొవ్వ పొంటి పాకం వాసన! నీ జీపును మేనమామ పీట మీద కూసుండవెట్టక పోయిర్రు!"

పందిరంతా గొల్లుమంది. మగపెళ్లివారు నవ్వారు, ఆడపెళ్లివారు నవ్వారు, ఏడుస్తున్న సైదమ్మ పెదవుల మీద కూడా నవ్వు వచ్చింది. గుర్వయ్య వచ్చి లియాఖత్ వీపు మీద చరిచాడు.

"గింత మాట అప్పుడే అంటె అయిపోవు గదరా పిచ్చోడా! ఇంకొక బిందె కలుపుకోని తాగుతుంటిమి. నేనేమన్న పులినా, మింగుతనా?"

అంతే. అంత చిన్న సంగతి. తురకోడు ముట్టాడని ఎవరూ అనలేదు, ఆ ఊసే ఎవరికీ తట్టలేదు. పొద్దున గుడి దగ్గర చెబితే ఇదే నవ్వు, ఇదే చరుపు, అక్కడితో సరి. రోజంతా దేనికి భయపడ్డాడో అది నవ్వులాట. దాచినందుకు చెల్లించిన మూల్యం మాత్రం నవ్వులాట కాదు. లియాఖత్ చుట్టూ చూశాడు. అందరూ నవ్వుతున్నారు, ఒక్క జానయ్య తప్ప.

జానయ్య అతనివైపు చూడటం లేదు. తల్లి వైపు చూస్తున్నాడు. నెమ్మదిగా ఆమె ముందుకు వెళ్లి నిలబడ్డాడు. పొద్దున అంతమందిలో అన్నమాట ఇప్పుడు ఏ మాటతో వెనక్కి తీసుకుంటాడు? గుర్వయ్య కాళ్ల దగ్గర వంగిన నడుము వంగింది వంగిందే. జానయ్య తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకుని పందిరి గుంజ పక్కకు వెళ్లిపోయాడు.

లియాఖత్ కూడా వెళ్లి జీపులో కూర్చున్నాడు. ఆ తర్వాత ఎన్నేళ్లో జనం అతన్ని పానకం డ్రైవరనే పిలిచారు. పిలిచి నవ్వారు, అతనూ పళ్లికిలించాడు. జీపు ఉడికినందుకే సిగ్గుపడుతున్నాడని అనుకున్నారు వాళ్లు. అదొక్కటే అయితే లియాఖత్ దాన్ని కూడా గొప్పగా చెప్పుకునేవాడు.

ఆ సాయంత్రం సైదమ్మను ఎక్కించారు. పదిమంది తోస్తే ఇంజను అందుకుంది. లియాఖత్ గేరు మీద చెయ్యి వేశాడో లేదో, "ఆగు బిడ్డా" అన్న మాట వినబడింది. నర్సింగమ్మ నెత్తిన ఇత్తడి బిందెతో వస్తోంది. ఈసారి నిండు బిందె, అంచుల నుంచి నీళ్లు తొణికి ఆమె కొత్త చీర భుజం తడుస్తోంది. పెళ్లికని పొద్దున్నే మైలు దూరం బావి నుంచి బండి మీద తెచ్చి గోలెంలో పోసుకున్న నీళ్లు. బిందె దించి అతని కాళ్ల దగ్గర పెట్టింది.

"తొవ్వల ఉడుకుతదేమో, ఉంచుకో" అంది. ఆమె గొంతులో ఎకసెక్కం లేదు, కోపం లేదు. "నీళ్లు గావాలంటె నన్ను అడుగకపోతివి కొడుకా. పోయి తెస్తుంటి గద."

లియాఖత్ ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు. బిందె పడిపోకుండా కాళ్ల మధ్య గట్టిగా నొక్కిపెట్టి బండి కదిలించాడు.